మునగాల స్తంభం మీద నుంచి టీవీ లెక్కలు

మా నాయన మునగాలలో కేబుల్ ఆపరేటర్. ఇంటర్ సెలవుల్లో నిచ్చెన పట్టుకోవడం, నెల మొదట్లో ఇల్లిల్లూ తిరిగి డబ్బులు వసూలు చేయడం నా పని. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్తే అన్నం తినేటప్పుడు అడిగాడు: "లైను అమ్మేద్దమా, ఉంచుదమా? ఇంజినీరింగ్ చదువుతున్నవు గదా, లెక్క చూసి చెప్పు." కనెక్షన్లు సగానికి సగం పడిపోయాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ లెక్క కోసం రెండు రోజులు కూర్చుంటే టీవీ వెనక వ్యాపారం కొంచెం అర్థమైంది. మన క్లబ్ మిత్రులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

బిల్లులో ఎవరి వాటా ఎంత?

ఛానల్ సిగ్నల్ శాటిలైట్ నుంచి ముందు పెద్ద కేబుల్ కంపెనీకి వస్తుంది. దాన్నే ఎంఎస్‌వో అంటారు. అక్కణ్ణుంచి మా నాయన లాంటి లోకల్ ఆపరేటర్ వైరు ద్వారా ఇంటికి చేరుతుంది. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 100 ఛానళ్ళకు నెట్‌వర్క్ ఫీజు గరిష్ఠంగా 130 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం కుదరకపోతే ఆ 130లో 55 శాతం ఎంఎస్‌వోది, 45 శాతం ఆపరేటర్‌ది. అంటే ఆపరేటర్‌కు 58 రూపాయల 50 పైసలు.

పే ఛానల్ సంగతి ఇంకా విచిత్రం. 19 రూపాయల ఛానల్ పెట్టించుకుంటే, అందులో పంపిణీ వాటా కనీసం 20 శాతం, అంటే 3.80. దాన్నీ 55:45గా పంచితే ఆపరేటర్ చేతికొచ్చేది 1.71. రేటు పెరిగినప్పుడు తిట్లు మాత్రం పూర్తిగా ఆయనకే! 2024 జులైలో ఆ 130 పరిమితి తీసేశారు కానీ, మా ఊళ్ళో పెంచితే కట్టేదెవరు? డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ బిల్లే లేదు. సీరియళ్ళు ఫోన్లోనే వస్తున్నాయి. కుర్రాడి జీతం, కరెంటు, వైరు ఖర్చు అన్నీ ఆ 58.50లోనే. వరిగడ్డి ట్రాక్టర్ ఎత్తుగా లోడు వేసుకుని పోయిందంటే ఆ రోజు వైరు తెగినట్టే.

నాయనమ్మ చూస్తే రేటింగ్ పెరుగుతుందా?

స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా 'కార్తీక దీపం' వచ్చినన్నాళ్ళూ మా నాయనమ్మ ఒక్క రోజు తప్పలేదు. "నాలాంటోళ్ళు చూడబట్టే గదరా అది నడుస్తుంది" అనేది. ఇప్పుడు లెక్క చూస్తే, ఆమె చూసినట్టు ఆ ఛానల్‌కు తెలిసే దారే లేదు.

రేటింగ్ లెక్కలు 2015 నుంచి బార్క్ ఇండియా ఇస్తోంది. 2020 అంచనా ప్రకారం దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు సుమారు 21 కోట్లు. మీటర్లు ఉన్నవి 50 వేల పైచిలుకు. అంటే దాదాపు 4 వేల ఇళ్ళకు ఒక మీటరు. ఛానల్ శబ్దంలో మన చెవికి వినపడని ఒక గుర్తు కలుపుతారు, మీటరు దాన్ని పసిగడుతుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్ళ బటన్ వాళ్ళు నొక్కాలి. ఆ ఇళ్ళు ఎవరివో రహస్యం.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు కదా అంటారు మీరు. పెద్ద ఛానల్‌కు చాలు. చిన్న లెక్క చేద్దాం. 1000 మీటరు ఇళ్ళలో 200 ఇళ్ళు ఒక ఛానల్ చూస్తే రేటింగ్ 20 శాతం, తేడా అటూ ఇటూ 2.5. పది ఇళ్ళే చూస్తే రేటింగ్ 1 శాతం, తేడా 0.6, అంటే సగానికి పైనే. అక్కడ ఓ ఐదు ఇళ్ళను మచ్చిక చేసుకుంటే 1 కాస్తా 1.5 అవుతుంది. మీటరు ఇళ్ళకు డబ్బులిచ్చారన్న ఆరోపణలతో 2020 అక్టోబరులో ముంబై పోలీసులు కేసు పెట్టారు. న్యూస్ ఛానళ్ళ రేటింగులు ఆ నెలలో ఆగి, మళ్ళీ 2022 మార్చిలో మొదలయ్యాయి.

గురువారం భయం

శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం. దాని రేటింగ్ వచ్చే గురువారం వస్తుంది. ప్రకటనలు అమ్మేది 10 సెకన్ల లెక్కన. నిబంధన ప్రకారం గంటకు 12 నిమిషాలు మించకూడదు. సమయం పెంచే వీల్లేదు కాబట్టి రేటు పెరగాలి, రేటు పెరగాలంటే రేటింగ్ పెరగాలి. అందుకే హఠాత్తుగా ఒక పాత్ర గతం మర్చిపోతుంది, చనిపోయినాయన తిరిగొస్తాడు. అయినా పెరగకపోతే టైము మారుస్తారు, లేదా శుభం కార్డు వేస్తారు.

మరి మా లైను?

నాయనకు చెప్పాను: "టీవీ పైసల మీద నడవదు. కానీ స్తంభం నుంచి ఇంటి దాకా దారి మనదే. దాని మీద ఫైబర్ వేసి ఇంటర్నెట్ ఇస్తే నడవచ్చు." ఆయన కాసేపు ఆలోచించి, "దానికి పెట్టుబడి ఎవడిస్తడు?" అన్నాడు. ఆ లెక్క ఇంకా వేస్తున్నాను. ఉగాదికి వెళ్ళేలోపు తేల్చాలి.

నాయనమ్మకు మాత్రం మీటర్ల సంగతి చెప్పలేదు. ఇప్పటికీ తను చూస్తేనే సీరియల్ నడుస్తుందనుకుంటోంది.