చక్రాల మీది ఇల్లు

ఉద్యోగ విరమణతో మనిషికి రెండు ఒకేసారి చేతికి వస్తాయి. ఒకటి తీరిక, రెండవది కొంత సొమ్ము. తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 2021లో 58 నుండి 61 సంవత్సరాలకు పెరిగింది. తీరిక దొరికేనాటికి దేహబలం కొంత తగ్గి ఉంటుంది. చేతికందిన సొమ్ము మళ్ళీ సంపాదించగలిగేది కాదు. ఇన్నాళ్ళూ వాయిదా వేసుకొన్న యాత్రలను ఇకనైనా చేయాలని తలచే దంపతులను ఇటీవల ఆకర్షిస్తున్న సాధనం మోటార్‌హోమ్. పడక, వంటగట్టు, నీటితొట్టి, కొన్నింటిలో మరుగుదొడ్డి కూడా కలిగి, తన ఇంజనుతో తానే నడిచే వాహనమిది. ఇంజను లేకుండా మరొక వాహనం వెనుక సాగేది కారవాన్. వాడుకలో మాత్రం రెండింటికీ కారవాన్ అనే పేరే చెల్లుతున్నది.

ఇంటిని వెంటబెట్టుకొని ప్రయాణించడం తెలుగువారికి కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశి చేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. సుమారు వందమంది పరివారం, పల్లకీలు, గుడారాలు ఆయన వెంట నడిచాయి. ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే విశ్రాంత నౌకాదళ వైద్యుడు 1885లో ‘వాండరర్’ అనే గుర్రపుబండిని ఇల్లుగా కట్టించుకొని స్కాట్లండు వరకు విహరించాడు. విహారం కోసమే నిర్మించిన తొలి కారవాన్‌గా దానిని చెబుతారు. వీరాస్వామయ్యకు వందమంది చేసిపెట్టిన పనులను నేడు ఒక వాహనం చేయాలి. దానిని నడిపేది మాత్రం అరవై దాటిన ఇద్దరే. మోటార్‌హోమ్ ఎంపికలోని కష్టమంతా ఇక్కడే ఉంది.

ఈ విషయాన్ని సంగారెడ్డి జిల్లాలోని కోహీర్ నుండి ఆలోచించడం సులభం. జామతోటలకు పేరుపొందిన ఈ ఊరికి చేరువగానే 65వ జాతీయ రహదారి సాగుతుంది. తూర్పుగా వెళ్తే హైదరాబాదు, విజయవాడ, చివరకు మచిలీపట్నం. పడమరగా వెళ్తే జహీరాబాదు దాటగానే కర్ణాటక, ఆపైన మహారాష్ట్రలోని షోలాపూరు, పుణె. పొరుగున ఉన్న జహీరాబాదుకు వాహన నిర్మాణంతో చిరకాల సంబంధం ఉంది. 1980 దశకంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుకు చెందిన నిస్సాన్‌తో కలసి అక్కడ తేలికపాటి లారీలు తయారుచేసింది. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా సంస్థకు దక్కింది. అదే సంస్థ 2013లో అక్కడ ట్రాక్టర్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. మోటార్‌హోములను కూడా సాధారణంగా ఇటువంటి తేలికపాటి లారీల చట్రాల మీదనో, వ్యాన్ల మీదనో నిర్మిస్తారు.

కోహీరులో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు మోటార్‌హోమ్ కొనదలచారనుకొందాం. వారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘ఏ వాహనం?’ అన్నది కాదు, ‘ఏ ప్రయాణం?’ అన్నది. పండరిపురం, తుల్జాపురం, శ్రీశైలం, తిరుపతి వంటి క్షేత్రాలే వారి గమ్యాలైతే దారి పొడవునా సత్రాలు, స్నానపు గదులు, భోజనశాలలు ఉంటాయి. అటువంటి యాత్రకు పడక, చిన్న పొయ్యి, మంచినీరు ఉన్న వ్యాన్ సరిపోతుంది. అడవులు, సముద్రతీరాలు, జనసంచారం లేని చోట్లు చూడదలచినవారికి మరుగుదొడ్డి, పెద్ద నీటితొట్టి, సౌరఫలకాలు అవసరమవుతాయి. పాశ్చాత్య దేశాలలో వాహనం నిలుపుకోవడానికి, నీరు నింపుకోవడానికి, మలినాలు వదలడానికి ప్రత్యేక స్థలాలు విరివిగా ఉంటాయి. మనదేశంలో అవి తక్కువ. కేరళ ప్రభుత్వం 2021లో ‘కేరవాన్’ పేరుతో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించి, వాహనాలతోపాటు అవి నిలిచే పార్కులను కూడా ప్రోత్సహించడానికి కారణమిదే.

రెండవది పరిమాణం. పెద్ద వాహనం ప్రదర్శనశాలలో సౌకర్యంగా కనిపిస్తుంది. ఊరి బజారులో, దేవాలయ వీథిలో, తక్కువ ఎత్తుగల రైలు వంతెన కింద అదే భారమవుతుంది. కొనేముందు వాహనపు ఎత్తును కొలిచి రాసుకోవాలి. ఇంటి ముందు వేలాడే విద్యుత్తు తీగలను, చెట్ల కొమ్మలను కూడా చూసుకోవాలి. మోకాళ్ళనొప్పులు గలవారు ఎక్కవలసిన మెట్టు ఎంత ఎత్తున ఉన్నది, లోపల నిటారుగా నిలబడగలరా, రాత్రి ఒకరిని లేపకుండా మరొకరు పడక దిగగలరా అనేవి చిన్న ప్రశ్నలు కావు. ఇరవై ఏళ్ళవారు నవ్వుతూ సర్దుకొనే ఇరుకు డెబ్బయ్యవ ఏట ప్రయాణాన్నే మాన్పిస్తుంది.

మూడవది బరువు. ప్రతి వాహనానికీ మోయదగిన గరిష్ఠ బరువు నిర్ణయమై ఉంటుంది. మంచాలు, అలమరలు, బ్యాటరీలు అమర్చిన తరువాత మిగిలేదే మనుషులకు, సామానుకు. లీటరు నీరు కిలో బరువు తూగుతుంది కనుక వంద లీటర్ల తొట్టి నిండితే వంద కిలోలు పెరిగినట్లే. విద్యుత్తుకూ లెక్క ఉంది. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 1,200 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. అది సీసపు బ్యాటరీ అయితే సగానికి మించి వాడడం మంచిది కాదు. ఆ 600 వాట్-అవర్లతో 30 వాట్ల ఫ్యాను ఇరవై గంటలు తిరుగుతుంది. 1,000 వాట్ల ఎయిర్ కండిషనర్ ముప్పావుగంట కూడా నడవదు. ఇక వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారిన గ్యాసు నేల మీద పేరుకొంటుంది కాబట్టి అడుగుభాగంలో గాలిరంధ్రాలు తప్పనిసరి. మూసిన వాహనంలో పొయ్యి వెలిగించి వెచ్చదనం కోసం నిద్రపోవడం ప్రాణాంతకం.

నాలుగవది చట్టం. తక్కువ ధరకు పాత వ్యాన్ కొని, తెలిసిన పనివాడిచేత మంచాలు, పొయ్యి బిగింపజేసుకోవచ్చునని పలువురు భావిస్తారు. మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ఇటువంటి మార్పులకు పరిమితులు విధిస్తున్నది. తయారీదారు నిర్ణయించిన మౌలిక స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. మోటార్ కారవాన్ల భద్రతకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. ఆ ఆమోదంతో నిర్మించిన వాహనమేనా, రిజిస్ట్రేషన్ పత్రంలో అది ఏ తరగతికింద నమోదైంది, బీమా అదే తరగతికి వర్తిస్తుందా అనే మూడింటినీ సరిచూసుకోవాలి. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని వాహనం తేలికపాటి మోటారు వాహనాల కిందికి వస్తుంది. 2019లో జరిగిన చట్ట సవరణ ప్రకారం 55 ఏళ్ళు నిండినవారికి లైసెన్సు అయిదేళ్ళకొకసారి మాత్రమే లభిస్తుంది. నలభై దాటినవారు వైద్య ధ్రువపత్రం సమర్పించాలి. నిరంతరం తిరిగేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. వాహనం మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడ కొత్త నమోదు సంఖ్య తీసుకోవాలి.

వాడిన వాహనం కొనేవారు లోపలి తెరల అందాన్ని కాక పైకప్పు మూలలను చూడాలి. మరకలు, మెత్తబడిన పలకలు నీరు కారినదనడానికి గుర్తులు. టైరు మీది చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. తక్కువ దూరం తిరిగి ఎక్కువకాలం నిలిచి ఉన్న వాహనానికి టైర్ల గాడులు లోతుగానే కనిపించినా రబ్బరు పగిలి ఉండవచ్చు.

చివరిది, ముఖ్యమైనది ఖర్చు. ఉదాహరణకు ఒక వాహనాన్ని 24 లక్షలకు కొని, ఎనిమిదేళ్ళ తరువాత 8 లక్షలకు అమ్మారనుకొందాం. ధరలో తరుగు ఏడాదికి 2 లక్షలు. బీమా, మరమ్మతులు మరొక 80 వేలు అనుకొంటే ఏడాది భారం 2 లక్షల 80 వేలు. ఏడాదికి 140 రాత్రులు అందులో గడిపితే రాత్రికి 2,000 రూపాయలు పడుతుంది. 40 రాత్రులే గడిపితే 7,000 అవుతుంది. డీజిలు ఖర్చు దీనికి అదనం. ఈ లెక్క వేయనివారికి మోటార్‌హోమ్ చవక అనిపిస్తుంది. వేసుకొన్నవారిలో కొందరు రైలెక్కి, మంచి గదిలో దిగి, మిగిలిన సొమ్మును వైద్యం కోసం దాచుకొంటారు. అదీ వివేకమే. ఉన్న ఇల్లు అమ్మి చక్రాల మీది ఇల్లు కొనడం మాత్రం సాహసం. అలసిపోయిన రోజున తిరిగి చేరడానికి కదలని గడప ఒకటి ఉండాలి.

అందువల్ల కొనడానికి ముందు అటువంటి వాహనాన్ని అద్దెకు తీసుకొని నాలుగు రాత్రులు గడపడం ఉత్తమం. ఒక రాత్రి ఎండవేడికి తపించి, ఒక రాత్రి వానలో నిలిచి, ఒక ఉదయం మరుగుదొడ్డి తొట్టిని స్వయంగా శుభ్రం చేసిన తరువాత కలిగే అభిప్రాయమే నిజమైనది. ఆ అభిప్రాయం ఇద్దరిదీ కావాలి. భర్త స్టీరింగు పట్టుకొని దేశం చూస్తుండగా భార్య ఇంకా ఇరుకైన వంటగదిలో అదే పని చేస్తుంటే ఆమెకు అది విశ్రాంతి కాదు. వంట ఇద్దరూ చేయాలి, బండి ఇద్దరూ నడపగలగాలి. దారిలో ఒకరికి జ్వరం వస్తే రెండవవారు వాహనాన్ని ఆసుపత్రికి చేర్చగలగాలి.

జహీరాబాదు ప్రాంతంలో ఏటా సంక్రాంతినాడు పాతపంటల జాతర మొదలవుతుంది. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు సుమారు నెలరోజులు ఊరూరా తిరుగుతాయి. ఎద్దుల బలం, దారి తీరు, మోయవలసిన బరువు చూసి బండి కట్టడం రైతుకు తెలిసిన విద్య. మోటార్‌హోమ్ కొనేవారికి కావలసింది కూడా ఆ విద్యే. ఇక్కడ చూడవలసిన బలం తమ దేహానిది, దారి తాము నిజంగా వెళ్ళేది, బరువు తమ పింఛను మోయగలిగేది. ఈ మూడూ కుదిరితే చిన్న వ్యాన్ కూడా దేశమంతా చూపుతుంది.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. వీరాస్వామయ్య యాత్రకు, నేటి మోటార్‌హోమ్ యాత్రకు గల భేదమేమిటి?

2. క్షేత్రయాత్రలు చేసేవారికి చిన్న వాహనం చాలునని పాఠంలో ఎందుకు చెప్పారు?

3. ‘కదలని గడప ఒకటి ఉండాలి’ – ఈ వాక్యంలోని అంతరార్థాన్ని వివరించండి.

4. ఏడాదికి 70 రాత్రులు గడిపితే పాఠంలోని లెక్క ప్రకారం రాత్రికి ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు సమంజసమేనా? మీ అభిప్రాయం రాయండి.