మన ఆసుపత్రికి మన చేయూత



ఆసుపత్రి అనగానే డాక్టరుగారు, నర్సమ్మలు, మందులు మనకు గుర్తుకు వస్తారు. కాని మంచం మీద పరచిన దుప్పటికి, ఆక్సిజన్ సిలిండరుకు, అర్ధరాత్రి కరెంటు పోతే తిరిగే జనరేటరులోని డీజిలుకు కూడా ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. రోగి కట్టలేనప్పుడు ఆ భారం ఎవరిది? ఈ సంచికలో ఆ సంగతి నేర్చుకుందాం.

గుంటూరు నేర్పిన పాఠం

1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ దొరసానిగారు అమెరికా నుండి గుంటూరు వచ్చారు. మగ వైద్యుని ఎదుటకు రాలేక ఎందరో స్త్రీలు వైద్యం లేకుండానే బాధపడే రోజులవి. ఆమె ఇండ్లకు వెళ్లి, తరువాత చిన్న డిస్పెన్సరీలో వైద్యం చేశారు. ఆసుపత్రి తెరిచినది మాత్రం 1897లో. అంటే ఆమె వచ్చిన పద్నాలుగేండ్లకు! ఆ సేవకు అమెరికాలోని లూథరన్ స్త్రీల సమాజం అండగా నిలిచింది. ఆ కానుకలు ఇచ్చిన తల్లులలో చాలామంది గుంటూరును కంటితో చూసినవారు కారు.

సహాయం సముద్రం అవతల నుండే రాలేదు. తన కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజావారు, రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. ఆయన క్రైస్తవులు కారు. రోగికి మందు ఎంత అవసరమో, తోడు వచ్చిన తల్లికి తల దాచుకునే చోటు కూడా అంత అవసరమని ఆయన గ్రహించారు. ఇచ్చే ముందు అవసరమేమిటో చూడాలన్నది మనకు ఇక్కడ మొదటి పాఠం.

గుప్పెడుతో మొదలుపెట్టవచ్చు

ధనవంతులే ఇవ్వాలని లేదు. మిజోరంలో సంఘపు స్త్రీలు 1910 నుండి వంట చేసే ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడుతూ వచ్చారు. ఆ బియ్యం అమ్మిన సొమ్ముతో సంఘపు పరిచర్యలు ఎన్నో సాగుతున్నాయి. మన సంఘాలలోనూ ఈ అలవాటు ఉన్న ఇండ్లు ఉన్నాయి. కోత పండుగ వేలంలో గుమ్మడికాయను పాడుకున్నవారు దానిని మళ్లీ వేలానికే ఇవ్వడం మనం చూస్తున్నదే. ఆ సంతోషంలో ఒక పాలు పేద రోగుల నిధికి చేరితే ఎంత మేలు!

మేము చేసిన పొరపాటు

కొన్నేండ్ల క్రితం డయాలసిస్ రోగుల కోసం మేము ఇంటింటికీ తిరిగి కానుకలు పోగు చేశాము. ఈ రోగులు వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి రావాలి. చికిత్స ఉచితంగా దొరికినా బస్సు చార్జీలు, తోడు వచ్చినవారి కూలి నష్టం తప్పవు. మా ఉద్దేశం మంచిదే. కాని రసీదు పుస్తకం లేదు. డబ్బంతా ఒకే సహోదరుని సంచిలో, లెక్కంతా ఆయన జ్ఞాపకంలో! ఒక్క రూపాయి పోలేదు. అయినా “ఎంత వచ్చింది?” అని అడిగినవారికి వెంటనే చెప్పలేకపోయాము. మేము లెక్క తేల్చేలోపే అనుమానం ఊరంతా తిరిగింది. నిజాయితీగల ఆ సహోదరుడు తలవంచుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు చాలా ఇండ్లవారు కానుక ఇవ్వలేదు. చివరకు నష్టపోయినది రోగులే.

కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయం చదవండి. పేదల కొరకైన కానుకను పౌలు తానొక్కడే మోయలేదు. ఎవరూ తప్పు పట్టకుండునట్లు సహోదరులను తోడు ఉంచుకున్నాడు. మేము ఆలస్యంగా నేర్చుకున్నది అదే.

కానుకలు పోగుచేసేవారు పాటించవలసినవి

1. డబ్బును ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కించి, ఇద్దరూ సంతకం చేయాలి.

2. పది రూపాయలకైనా రసీదు ఇవ్వాలి.

3. దేనికోసమో ముందే చెప్పాలి. మంచాలకని తీసుకున్న సొమ్మును, ఇచ్చినవారిని అడగకుండా మరి దేనికీ వాడకూడదు.

4. సొమ్ము ఆసుపత్రి పేరున ఉన్న ఖాతాకే చేరాలి. ఎవరి సొంత ఫోను నంబరుకూ వేయించవద్దు. నగదుగా ఇచ్చిన విరాళం 2,000 రూపాయలు దాటితే దానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదని దాతలకు చెప్పండి.

5. విదేశీ పౌరసత్వం ఉన్నవారు, అక్కడ స్థిరపడిన మన పిల్లలైనా సరే, పంపదలిస్తే ముందు ఆసుపత్రి కార్యాలయంలో అడగండి. అటువంటి కానుకలకు ప్రభుత్వ అనుమతి, ప్రత్యేక ఖాతా ఉండాలి.

6. రోగి ఒప్పుకోకుండా అతని పేరు, ఫొటో, జబ్బు ఎవరికీ చూపించరాదు. పేదవాడైనంత మాత్రాన అతని పరువు చిన్నది కాదు.

7. నెలలోపు జమాఖర్చులు వ్రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి.

డబ్బు ఇవ్వలేనివారు రక్తదానం చేయవచ్చు, రోగి బంధువులకు ఒక పూట అన్నం తేవచ్చు. అది కూడా కానుకే.

ఇంటిలో మాట్లాడుకోండి

• మన ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు మందులు కాక ఇంకేమి అవసరమైనది?

• వారానికి ఎంత పక్కన పెట్టగలము?

• మన సంఘములో లెక్క చూడడానికి ఆ ఇద్దరు ఎవరు?

ఈ మూడవ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే డబ్బా చేతికి తీసుకొనుడి.