పొలంతో పాటు రికార్డునూ చూసుకోండి

పైరుకు తెగులు సోకితే రైతు ఇట్టే పసిగడతాడు. రికార్డులో తప్పు దొర్లితే మాత్రం, అప్పు కోసం బ్యాంకుకు వెళ్ళిన రోజునో, నష్టపరిహారం జాబితాలో పేరు లేదన్న రోజునో గాని తెలియదు. అప్పటికి అదను దాటిపోతుంది.

1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేవరకు అడంగల్ కరణం గారి పెట్టెలో ఉండేది. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారిదే. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఈ పద్ధతిని మార్చింది. ప్రభుత్వ కార్యాలయాలు రికార్డులను వరుసక్రమంలో భద్రపరచాలి, ముఖ్యమైన సమాచారాన్ని ఎవరూ అడగకుండానే ప్రజల ముందుంచాలి అన్నది. ప్రభుత్వ సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచాలని కేంద్రం 2012లో ఒక విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో 'మీ భూమి' వచ్చాక అడంగల్, 1-బి కంప్యూటర్‌లో చూసే వీలు కలిగింది. నలుగురూ చూసే రికార్డులో తప్పు ఎక్కువ కాలం దాగదు. కాని మనం చూస్తేనే సుమా!

ఏమేమి చూసుకోవాలి?

1. 1-బిలో ఖాతా నంబరు, పట్టాదారు పేరు, తండ్రి పేరు. తండ్రి పోయాక పేరు మార్పించుకోని వారు ఆ పని ముందు చేయించుకోవాలి.

2. అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, సాగుదారు పేరు. సెంట్ల లెక్క దస్తావేజుతో సరిపోవాలి.

3. ఈ-పంట నమోదు. వేసింది కంది అయితే, వరి అని రాసి ఉంటే చిక్కే. రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టినప్పుడే అభ్యంతరం చెప్పాలి.

తప్పు ఉంటే?

దస్తావేజు, పాసుపుస్తకం నకళ్ళతో మీసేవలో అర్జీ పెట్టి, రశీదు భద్రం చేసుకోండి. కదలిక లేకపోతే సమాచార హక్కు కింద "నా అర్జీ ఎవరి దగ్గరుంది? ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు?" అని రాతపూర్వకంగా అడగండి. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకుంటే మరో 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

చదువురాని వారు ఇంట్లో బడికెళ్ళే పిల్లల చేత చదివించుకోండి. ఖరీఫ్‌కు ఒకసారి, రబీకి ఒకసారి చూసుకుంటే చాలు.