గరిటె పట్టిన చెయ్యి

చి. అమ్మలుకి,
పెదనాన్న దీవించి రాయునది.

ఆదివారం ఫోనులో నువ్వన్న మాట నాలుగు రోజులుగా నా చెవిలోనే తిరుగుతోంది. "పెదనాన్నా, పదహారేళ్ళ పిల్లాడు, మూడు బైకులు ఎత్తుకెళ్ళిన కేసు. రెండు గంటలు కూర్చోబెట్టి మాట్లాడాను. రిపోర్టులో రాయడానికి మంచిమాట ఒక్కటీ దొరకలేదు" అన్నావు. నువ్వు ప్రొబేషన్ ఆఫీసరుగా చేరి మూడు నెలలే కదా అని అప్పటికేదో సర్దిచెప్పాను. కానీ ఇది ఫోనులో సర్దిచెప్పి ఊరుకునే సంగతి కాదమ్మా. అదే ఉద్యోగంలో పాతికేళ్ళు తిరిగిన నాకు గట్టిగా తెలిసింది ఇదొక్కటే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను.

2012లో నా దగ్గరికి పదిహేనేళ్ళ కుర్రాడి కేసు వచ్చింది. సెల్‌ఫోన్లు కొట్టేసే ఆరుగురిలో ఒకడు. ఎనిమిదిలో బడి మానేశాడు. "వచ్చిన డబ్బు ఎలా పంచుకునేవాళ్ళురా?" అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఏ ఫోను ఎంతకు పోయింది, ఎవడి వాటా ఎంత, జ్వరమొచ్చి రాలేకపోయిన వాడికి సగం వాటా ఎందుకిచ్చారు, అన్నీ పైసలతో సహా. కాగితం ముక్క లేదు, అంతా నోటిలెక్క. నేను రిపోర్టులో రాసిందేమిటో తెలుసా? "ముఠా లెక్కలు చూసేవాడు. తోటివాళ్ళ మీద పట్టు ఉంది. మిగతా పిల్లలకు దూరంగా ఉంచడం మంచిది." ఒక్క ముక్క అబద్ధం లేదు. సంతకం పెట్టి పంపేశాను.

వారం తర్వాత వేరే పని మీద వాణ్ణి ఉంచిన అబ్జర్వేషన్ హోమ్‌కి వెళితే వంటావిడ నన్ను ఆపి, "ఆ పిల్లాడొచ్చాక నాకు వడ్డన దగ్గర గొడవ తప్పిందయ్యా" అంది. మధ్యాహ్నం దాకా ఆగి చూశాను. ముప్పై మంది పిల్లలు, గరిటె వాడి చేతిలో. చిన్నవాళ్ళను ముందు కూర్చోబెట్టాడు. సాంబారు తీసే ప్రతిసారీ గరిటెతో అడుగునుంచి ఒక తిప్పు తిప్పుతున్నాడు, ముక్కలన్నీ ముందువాళ్ళకే పోకుండా. ఆఖరి పళ్ళెం తనది. అందరికీ పడ్డట్టే వాడికీ రెండే ముక్కలు.

నేను కాగితం మీద పెట్టి వచ్చిన గుణమే అక్కడ గరిటె పట్టుకుని నిలబడింది. లెక్క తప్పడు, ఎవరికీ అన్యాయం జరగనివ్వడు, అందుకే తోటివాళ్ళు నమ్ముతారు. అది దొంగ డబ్బు దగ్గర పనిచేస్తే నాకు 'పట్టు'లా కనబడింది. అన్నం దగ్గర పనిచేస్తే వంటావిడకు ఊరటలా కనబడింది. ఆ సాయంత్రమే ఇంకో కాగితం రాసి జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాను. కానీ ఆవిడ నన్ను ఆపకపోయి ఉంటే?

మంచిగుణం దొరికింది కదా అని చేసిన తప్పు మాఫీ అయిపోదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ పిల్లలు లాక్కున్న ఫోన్లలో ఒకటి మిర్చి యార్డులో పనిచేసే కూలీ మనిషిది. కొని నెల తిరగలేదు, ఐదు వేలు పెట్టింది. ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, "నువ్వు లెక్కలవాడివి కదా, ఆవిడకు రోజుకు 250 వస్తాయి, ఆ ఫోను ఎన్ని రోజుల కష్టమో చెప్పు" అన్నాను. "ఇరవై రోజులు" అన్నాడు వెంటనే. కాసేపు నేల చూపులు చూసి, "ఇరవై కాదు సార్. ఆమె తినాలి కదా, పిల్లలకు పెట్టాలి కదా. నలభై పైనే పడతాయి" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. అంతకు ముందు నెల రోజులు ఎవరెన్ని నీతులు చెప్పినా తడవని కళ్ళవి. వాడికి తెలిసిన భాషలో అడిగితే తన తప్పును తనే కొలుచుకున్నాడు. పిల్లాడి బలం ఏమిటో తెలుసుకోవడం వాణ్ణి మెచ్చుకోవడానికే కాదమ్మా, వాడి తప్పు దగ్గరికి వాణ్ణే నడిపించడానికి కూడా.

నువ్వు ఆ అబ్బాయితో మాట్లాడిన రెండు గంటలూ "ఎందుకు చేశావు" చుట్టూనే తిరిగి ఉంటాయి. పోలీసులు అదే అడిగారు, ఇంట్లోవాళ్ళూ అదే అడిగారు. ఆ ప్రశ్నకు వాడి దగ్గర జవాబు అరిగిపోయి ఉంటుంది. ఈసారి పొద్దున లేచింది మొదలు రోజెలా గడుస్తుందో చెప్పించు. ఏ పనిలో పడితే ఆకలి మరిచిపోతాడో అడుగు. కష్టమొస్తే ఎవరి దగ్గరికి పోతాడో అడుగు. వాడి దగ్గరికి ఎవరు వస్తారో తప్పకుండా అడుగు. ఒక్క చెల్లెలు వస్తుందన్నా చాలు, అక్కడినుంచి దారి దొరుకుతుంది. సాయంత్రం ఆటల వేళకు వెళ్ళి కబడ్డీలో కిందపడ్డవాణ్ణి ఎవడు లేపుతున్నాడో చూడు. వంటావిడను, వాచ్‌మన్‌ను, వాళ్ళ అమ్మను, పాత మాస్టారిని కలువు. మన ముందు చేతులు కట్టుకుని నిలబడే పిల్లాడు వాళ్ళకు మామూలుగా కనిపిస్తాడు.

రాసేటప్పుడు 'తెలివైనవాడు', 'చురుకైనవాడు' అని రాయకు. అలాంటి మాటలు బోర్డువాళ్ళు రోజూ చదువుతారు. "ముప్పై పళ్ళాల్లో సాంబారు సమంగా పోశాడు" అని రాయి. మేజిస్ట్రేటుగారు, పక్కనుండే ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఆ పిల్లాణ్ణి చూసేది కొద్ది నిమిషాలే. మిగతా అంతా నీ కాగితంలోనే చూస్తారు.

ఇది మన మంచితనం కొద్దీ చేసే ఉపకారం అనుకోకు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మూడో సెక్షన్‌లో 16 సూత్రాలున్నాయి, మళ్ళీ ఒకసారి చదువు. పిల్లల బాగు కోసం కుటుంబాన్నీ ఊరినీ కలుపుకుని అన్ని వనరులనూ వాడాలని ఒకటి చెబుతుంది. ముద్ర వేసే మాటలు వాడవద్దని ఒకటి, కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలని ఒకటి. 74వ సెక్షన్ వాడి పేరూ ఫొటో బయటపెట్టొద్దంటుంది. ఇంటివాళ్ళకు, నాకు కూడా, నువ్వు వాడి పేరు చెప్పకపోవడం నాకు సంతోషం కలిగించింది.

బలం గుర్తించాక దానికో పని చూపించాలి, లేకపోతే అది పాతదారే పడుతుంది. నాగ్‌పూర్‌లో విజయ్ బర్సే అనే వ్యాయామ అధ్యాపకుడు 2001లో వానలో మురికివాడ పిల్లలు విరిగిన బకెట్‌ను తన్నుతూ ఆడుతుంటే చూసి, వాళ్ళ చేతికి ఫుట్‌బాల్ ఇచ్చారు. 'స్లమ్ సాకర్' అలా మొదలైంది. ఆయన కథ మీదే 2022లో 'ఝుండ్' సినిమా వచ్చింది. ఆ దారిన ఎంతమంది పోయి ఉంటారు! బకెట్ చప్పుడే అందరికీ వినబడింది. ఆయన వాళ్ళ కాళ్ళు చూశారు.

నా కుర్రాడి సంగతి అడుగుతావు. బోర్డు వాణ్ణి ప్రొబేషన్ మీద మేనమామకు అప్పగించింది. ఆరు నెలలకు ఏదో కొట్లాటలో మళ్ళీ స్టేషన్ మెట్లెక్కాడు. ఆ రోజు నేను రాత్రంతా నిద్రపోలేదు. అయినా మేనమామ వదిలిపెట్టలేదు, కిరాణా కొట్టులో త్రాసు దగ్గరే నిలబెట్టాడు. ఇప్పుడు మండీలో గుమాస్తా. పోయిన సంక్రాంతికి కనబడితే చేతిలో పద్దు పుస్తకం ఉంది. నన్ను గుర్తుపట్టి, "సార్, భోంచేశారా?" అన్నాడు. అంతకు మించి మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

రిపోర్టుకు పదిహేను రోజుల గడువులో నీకింకా ఆరు రోజులున్నాయన్నావు. మళ్ళీ ఒకసారి వెళ్ళు. ఈసారి నీ గదికి పిలిపించకు, భోజనాల వేళకు వెళ్ళి ఒక మూల కూర్చో. వాడి చేతిలో ఏముందో చూడు. చూసింది చూసినట్టు రాయి.

పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. వేళకు తిను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న