కొలత యెరిగిన ఇల్లు



ధర పెరిగినచో ఇల్లంతయు ఎరుగును. పొట్లములోని సరుకు తగ్గినచో వంటయింటి యిల్లాలు మాత్రమే ఎరుగును. ఒక్కొక్కప్పుడు ఆమెకును తెలియదు. ధర పెరిగినందులకు లోకమును నిందింతుము. సరుకు త్వరగా నిండుకొన్నందులకు ఇంటివారినే నిందింతుము. ఈ రెండవ నింద ఎంత అన్యాయమైనదో, దానినుండి ఇంటిని కాపాడుకొనుట ఎట్లో తెలుపుటయే ఈ పాఠమునకు ప్రయోజనము.

1. మా యింట జరిగినది

సికింద్రాబాదులో మోండా మార్కెటునకు నడిచి పోదగిన దూరమున మా నివాసము. నెల మొదటి వారమున సరుకులు తెచ్చుట నా పని. వంట కోడలి పని. నెలకు నాలుగు నూనె ప్యాకెట్లు మా యింటి వాడుక. ఏండ్ల తరబడి ఆ నాలుగును నెల చివరి దినము వరకు వచ్చుచుండెను. రెండేండ్ల క్రిందట వరుసగా మూడు నెలలు, ఇరువది యేడవ తేదీ నాటికే నూనె నిండుకొన్నది. నా సహధర్మచారిణి "కోడలిది పెద్ద చేయి" అన్నది. నేను అంతటితో ఆగక "అది పుట్టింటి అలవాటు" అంటిని. బడిలో ముప్పది యేండ్లు పిల్లలకు మాట మర్యాద నేర్పినవాడనయ్యును ఆ మాట అంటిని.

కోడలు బదులు పలుకలేదు. మరుసటి నెల సరుకులు వచ్చిన నాడు నన్ను వంటయింటి గడప కడకు పిలిచి, క్రొత్త ప్యాకెట్టు కొన కత్తిరించి, పాత స్టీలు నూనె డబ్బాలో పోసినది. ఎప్పుడును మెడ వరకు వచ్చెడి నూనె రెండు వ్రేళ్ళ దిగువనే ఆగినది. "మామయ్యా, ఇది లీటరు ప్యాకెట్టు కాదు. దీనిపై 800 గ్రాములని వ్రాసియున్నది" అన్నది. కళ్ళద్దములు పెట్టుకొని చూచితిని. నిజమే. అంగడిలో నేను చూచినది ప్యాకెట్టు రంగును, పేరును, ధరను మాత్రమే. కొలతను చూడలేదు.

ఆ పూట కాగితము తీసికొని లెక్క వేసితిని. ఒక లీటరు వంటనూనె తూకము సుమారు 910 గ్రాములు. నాలుగు లీటర్లకు 3,640 గ్రాములు. 800 గ్రాముల ప్యాకెట్లు నాలుగైనచో 3,200 గ్రాములు. తగ్గినది 440 గ్రాములు, అనగా రమారమి అర లీటరు. మా యింటి వాడుక దినమునకు 120 గ్రాములకు కొంచె మెక్కువ. 3,200 గ్రాములు ఇరువది యారు దినములు దాటి రావు. కోడలి చేయి మారలేదు, ప్యాకెట్టు మారినది. నేనన్న మాటను ఆమె యెదుటనే వెనుకకు తీసికొంటిని. కాని అన్న మాట అననిది కాదు గదా!

2. ఇట్లేల జరుగుచున్నది?

పూర్వము మన పెద్దలు గిద్ద, సోల, తవ్వ, మానిక, సేరు అను కొలతలతో ధాన్యమును, నూనెను కొనుచుండిరి. 1956 నాటి తూనికలు కొలతల చట్టముతో దేశమంతటను కిలోగ్రాము, లీటరు వచ్చినవి. ఏ కొలత వాడుకలోనున్నను, కొలత మారక ధరయే మారుచుండెను గనుక కొనువాడు ఒక్క ధరను గుర్తుంచుకొనిన చాలియుండెను.

ప్యాకెట్లు వచ్చిన తరువాతను చాల కాలము ఆ క్రమమే నిలిచినది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమములలో, టీ, కాఫీ, బిస్కట్లు, గోధుమపిండి, పప్పుధాన్యములు, వంటనూనెలు, ఉప్పు, సబ్బులు మొదలగు 19 రకముల సరుకులను సామాన్యముగా నిర్ణీత పరిమాణములలోనే కట్టవలెనని యుండెను. 2021 నవంబరులో ప్రకటించిన సవరణ వలన ఆ పట్టిక తొలగినది. ఆ మార్పు 2022లో అమలునకు వచ్చినది. అప్పటినుండి తయారీదారు తనకు తోచిన పరిమాణమున ప్యాకెట్టు కట్టవచ్చును. అదే సవరణలో కొనువానికి ఒక రక్షణయు కలదు. గరిష్ఠ చిల్లర ధరతో పాటు ఒక్కొక్క గ్రామునకు, లేక కిలోకు, ఎంత పడునో ఆ ధరను గూడ ప్యాకెట్టుపై ముద్రింపవలెను.

తయారీదారునికిని ఇబ్బందులు కలవు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధము మొదలై ప్రొద్దుతిరుగుడు నూనె రాక దెబ్బతిన్నది. ఆ యేడు ఏప్రిల్ 28న ఇండొనేషియా పామాయిల్ ఎగుమతిని నిషేధించి మే 23న ఎత్తివేసినది. ముడిసరుకు ధర పెరిగినప్పుడు తయారీదారునకు రెండు దారులు. ధర పెంచుట ఒకటి, సరుకు తగ్గించుట రెండవది. ఐదు రూపాయల బిస్కట్టు ప్యాకెట్టును ఆరు రూపాయలు చేసినచో కొనువారు వెనుదీయుదురు. ఐదు రూపాయలకే నాలుగు బిస్కట్లు తక్కువగా నిచ్చినచో ఎవరును అడుగరు. కావున రెండవ దారియే సులభమైనది.

ఇచట ఒక భేదమును తెలిసికొనవలెను. ప్యాకెట్టుపై 800 గ్రాములని వ్రాసి 800 గ్రాములే యిచ్చుట చట్టరీత్యా తప్పు కాదు. వ్రాసినదానికంటె తక్కువ యిచ్చుట తప్పు. మొదటిదానికి మన కన్నే కాపలా. రెండవదానికి తూనికలు కొలతల శాఖయు, జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915యు కలవు. ఫ్రాన్సు దేశములో 2024 జూలై 1 నుండి, సరుకు తగ్గి ధర తగ్గని వస్తువుల చెంత ఆ సంగతి తెలుపు ప్రకటనను పెద్ద దుకాణములవారు రెండు నెలల పాటు ఉంచవలెను. అట్టి ప్రకటన లేని చోట మన ప్రకటనను మనమే వ్రాసికొనవలెను.

3. చిన్న లెక్క, పెద్ద తేడా

100 గ్రాముల వస్తువు అదే ధరకు 80 గ్రాములైనది అనుకొనుడు. చాలమంది "ఐదవ వంతు ధర పెరిగినది" అందురు. అది సరి కాదు. మునుపటి 100 గ్రాములు కావలెనన్న ఇప్పుడు ఒకటింబాతిక ప్యాకెట్లు కొనవలెను. కనుక పెరిగినది నాలుగవ వంతు, నూటికి ఇరువదియైదు. 100 గ్రాములు 50 అయినచో ధర రెట్టింపైనట్లే.

మరియొక ఉదాహరణము. లీటరు నూనె, అనగా 910 గ్రాములు, 150 రూపాయలు. ప్రక్కనే 800 గ్రాముల ప్యాకెట్టు 140 రూపాయలు. చేతికి 140 చవుకగా తోచును. కిలో లెక్కన చూచినచో మొదటిది సుమారు 165 రూపాయలు, రెండవది 175. పది రూపాయలు మిగిలినవని సంతోషించి కొన్నవాడు కిలోకు పది రూపాయలు నష్టపోయినాడు.

4. గృహస్థులు, మఠములవారు చేయదగినవి

మొదటిది: ప్యాకెట్టు చేతబట్టినప్పుడు ముందు నికర తూకము, పిదప గ్రాము ధర, చివర మొత్తము ధర చూడవలెను. చిన్న అక్షరములు చదువలేని పెద్దలు బడిపిల్లలను వెంట తీసికొని పోవుదురు గాక. పిల్లలకు అంతకంటె మంచి గణిత పాఠము లేదు.

రెండవది: పద్దు పుస్తకమున "నూనె ప్యాకెట్లు నాలుగు" అని వ్రాయక "నూనె 3,640 గ్రాములు" అని వ్రాయవలెను. దాసోహమునకు సరుకులు తెప్పించు మఠములవారికి ఇది మరింత ముఖ్యము. చీటీలో "ఇరువది ప్యాకెట్లు" అని వ్రాసినచో వచ్చునది ప్యాకెట్లే. "ఇరువది కిలోలు" అని వ్రాసినచో వచ్చునది సరుకు.

మూడవది: విడి సరుకును మరువరాదు. 2022 జూలై 18 నుండి ప్యాకెట్టు కట్టి పేరు ముద్రించిన బియ్యము, పప్పు, పిండి మొదలగువానిపై, 25 కిలోల వరకు, నూటికి 5 వంతున జి.ఎస్.టి. విధించిరి. విడిగా తూచి యిచ్చుదానికి అది లేదు. అయితే విడిగా కొనునప్పుడు కాటా సున్నయొద్ద నున్నదా, పప్పులో కల్తీ కలదా అని చూచుకొనుట మన బాధ్యత.

నాలుగవది: వర్తక కాయకము చేయు మన బంధువులు, ప్యాకెట్టు తగ్గినప్పుడు ఎరిగిన గిరాకీతో "అమ్మా, ఇది ఇప్పుడు 800 గ్రాములే" అని ఒక్క మాట చెప్పవలెను. ఆ మాటకు ఖర్చు లేదు. దానివలన కలుగు నమ్మకము తరములు నిలుచును.

5. లక్కమ్మ కొలత

శరణుల చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ అందరెరిగినదే. కల్యాణములో నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ చూచి, మనకింత యేల యని ప్రశ్నించి, ఎక్కువైనదానిని తిరిగి యిచ్చి రమ్మని పంపెను.

ఈ కథను మనము ఆశలేమికి ఉదాహరణముగా చెప్పుకొందుము. నాకు దీనిలో మరియొక పాఠము కనబడుచున్నది. ఎక్కువ వచ్చినదని లక్కమ్మకు ఎట్లు తెలిసినది? తన యింటికి దినమునకు ఎంత కావలెనో ఆమె ఎరుగును గనుక. ఎక్కువను గుర్తించిన కన్నే తక్కువను గుర్తింపగలదు. కావున కొలుచుట పిసినిగొట్టుతనము కాదు. మా కోడలు డబ్బాలో నూనె పోసి చూపినప్పుడు నాకు లక్కమ్మయే గుర్తునకు వచ్చినది.

6. మన చేతి పొట్లము

చివరగా ఒక మాట. పొట్లమును తగ్గించువాడు కర్మాగారములోనే లేడు. మన యింట అంట్లు తోము అమ్మకు మూడేండ్ల క్రిందట ఎంత జీతమో నేడును అంతే యిచ్చుచున్నచో, ఆ నోట్లు మారలేదు గాని వానితో వచ్చు బియ్యము, నూనె తగ్గినవి. పైన పేరు అదే, లోన సరుకు తక్కువ. ఆ లెక్క చూచిన పిదప మా యింట జీతమును పెంచితిమి. నూనె ప్యాకెట్టు మోసమునకు నొచ్చుకొన్న మనము, అదే పని మరియొకరికి చేయరాదు గదా!

అభ్యాసము

1. మీ యింటి ఐదు సరుకుల నికర తూకమును, గ్రాము ధరను నేడే వ్రాసికొని, మూడు నెలల తరువాత మరల వ్రాసి పోల్చి చూడుడు.
2. 200 గ్రాముల సబ్బుపొడి అదే ధరకు 160 గ్రాములైనచో ధర నూటికెంత పెరిగినట్లు?
3. సరుకు త్వరగా నిండుకొన్నదని ఈ యేడు మీ యింట ఎవరినైన నిందించితిరా? కొలిచి చూచి నిందించితిరా?

మూడవ ప్రశ్నకు జవాబు వ్రాయనక్కరలేదు. ఆ యింటివారికి చెప్పిన చాలును.