కోచింగు వేరు – చికిత్స వేరు

మా ఊళ్ళో యూరియానూ మందే అంటారు, తెగులుకు కొట్టేదాన్నీ మందే అంటారు. మూడేళ్ళ క్రిందట మా వరి ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు పడ్డాయి. పైరు నీరసించిందనుకుని మా నాయన ఒక బస్తా యూరియా చల్లించాడు. చూస్తుండగానే మడి మడంతా మాడినట్లయింది. అది అగ్గి తెగులు. నత్రజని ఎక్కువైతే ఆ శిలీంధ్రానికి విందు భోజనమే! యూరియా చెడ్డదేమీ కాదు. బాగున్న పైరుకు వేయవలసింది, జబ్బుపడ్డ పైరుకు వేశాం, అంతే.

ఇదేదో వృక్షశాస్త్ర వ్యాసమని పాఠకులు పేజీ తిప్పేయవద్దు. హాస్టల్లో మేమూ అదే పొరపాటు చేశాం, ఈసారి మనిషి విషయంలో.

నా గదిలో ఉండే మిత్రుడు (వాడి అనుమతితోనే వ్రాస్తున్నాను) నిరుడు దసరా తర్వాత మెస్సుకు రావడం తగ్గించాడు. ప్రాక్టికల్స్ మానేశాడు. తెల్లవార్లూ మేలుకునేవాడు. వీడికి పట్టుదల లేదని తీర్మానించి, నలుగురం తలా కొంత వేసుకుని పట్నంలో ఒక లైఫ్ కోచ్ దగ్గరికి పంపాం. లక్ష్యం వ్రాసుకో, అయిదింటికి లే అన్నారాయన. వాడు టైంటేబులు గోడకు అంటించాడు. నాలుగు రోజులు కూడా నిలుపుకోలేకపోయాడు. "దీనికి కూడా పనికిరానురా నేను" అన్నాడు. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

అసలు కోచ్ అంటే హంగేరీలోని ఒక గ్రామం పేరున వచ్చిన గుర్రపు బండి. 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పరీక్ష గట్టెక్కించే ట్యూటరును వేళాకోళంగా అలా పిలిచారు. తర్వాత ఆ మాట ఆటస్థలానికి పాకింది. 1974లో టిమోతీ గాల్వే టెన్నిస్ మీద వ్రాసిన పుస్తకంలో, అవతలివాడి కంటె మన తలలోని అనుమానమే పెద్ద ప్రత్యర్థి అని చెప్పాడు. నేటి లైఫ్ కోచింగుకు అదొక మూలం. మంచి కోచ్ సలహాలు దంచడు. ప్రశ్నలడిగి, దారి మనచేతనే వెతికిస్తాడు. అయితే బండి ఎక్కేవాడికి ఎక్కే శక్తి ఉండాలి కదా!

చికిత్స సంగతి వేరు. అక్కడ ముందు పరీక్ష, తర్వాత రోగనిర్ణయం, ఆపైన వైద్యం. చికిత్స గతాన్ని తవ్వుతుంది, కోచింగు భవిష్యత్తును చూస్తుంది అని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతిలో రోగి నేటి ఆలోచనలనే పరిశీలిస్తారు, ఇంటిపని కూడా ఇస్తారు. పైకి చూస్తే కోచింగు లాగే ఉంటుంది! తేడా ఎదుట కూర్చున్న మనిషి స్థితిలో ఉంది, జబ్బును గుర్తుపట్టే శిక్షణలో ఉంది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. సైకియాట్రిస్టు వైద్య పట్టా పొందినవాడు, మాత్రలు వ్రాయగలడు. లైఫ్ కోచ్ అని బోర్డు కట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. నిజాయితీగల కోచ్ అయితే "ఇది నా పని కాదు, డాక్టరుకు చూపించండి" అంటాడు. మాకు దొరికినాయన అనలేదు. మేమూ అడగలేదు, అదీ నిజమే.

దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో రెండు వారాలకు మించి రోజంతా వదలకుండా ఉండి, నిద్ర, ఆకలి, చదువు దెబ్బతింటుంటే అది బద్ధకం కాదు, చూపించుకోవలసిన లక్షణం. చచ్చిపోవాలన్న మాట వినబడితే రెండు వారాలు లెక్కపెడుతూ కూర్చోకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ నంబరు 14416 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడవచ్చు.

చివరికి మా కెమిస్ట్రీ లెక్చరరు గారు వాణ్ణి పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి స్వయంగా వెంటబెట్టుకుని వెళ్ళారు. మాత్రలిచ్చారు, వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడారు. వాళ్ళ అమ్మ మొదట "మా వాడికి పిచ్చా అయ్యా?" అని ఏడ్చింది. కోలుకోవడానికి నెలలు పట్టింది.

మొన్న పి.జి. ఎంట్రన్స్ కోచింగులో చేరదామని వాడే నన్నడిగాడు. మాత్రలు మాత్రం డాక్టరు ఆపమనేదాకా వాడతానన్నాడు.