బోరోల మాతృభాష

బ్రహ్మపుత్రానదికి ఉత్తరమున, భూటాను కొండల పాదమువరకు వ్యాపించిన అస్సాము మైదానమున బోరోలను జాతివారు ప్రాచీనకాలమునుండి నివసించుచున్నారు. వీరినే బోడోలనియు వ్యవహరింతురు. వీరి భాష టిబెటో-బర్మను కుటుంబమునకు చెందినది. వీరికి జ్ఞాతులైన దిమాసాల భాషలో ‘ది’ అనగా నీరు. దిబ్రు, దిహింగు, దిఖౌ అను అస్సాము నదుల పేర్లలోని ‘ది’ ఆ మాటయేయని పండితులు తలంచుచున్నారు. రాజ్యములెన్నియో మారినను నదులు ఆ పాత పేర్లను విడువలేదు.

సేద్యము బోరోల ముఖ్యవృత్తి. కొండవాగులనుండి కాలువలు త్రవ్వి, ఊరివారెల్లరు కలసి పొలములకు నీరు మళ్ళించుకొందురు. స్త్రీలు మగ్గముపై పనిచేయుటలో నిపుణులు. తాము ధరించు ‘దొఖొనా’ అను వస్త్రమును తామే నేయుదురు. ‘బాథౌ’ మతమును అనుసరించువారు ముంగిట సిజౌ అను జెముడుజాతి మొక్కను నాటి, చుట్టును వెదురుదడి కట్టి పూజింతురు.

అయినను ఒకకాలమున ఈ జాతిలో పలువురు తమ భాషను పలుకుటకు సంకోచించి, పొరుగువారి భాషను, ఆచారములను స్వీకరించిరి. అట్టి సమయమున కాళీచరణ బ్రహ్మ (1860–1938) అను సంస్కర్త విద్యావ్యాప్తికై పాటుపడెను. 1924లో ‘బిబార్’ అను పత్రిక వెలువడెను. బిబార్ అనగా పువ్వు. 1952లో బోడో సాహిత్యసభ స్థాపింపబడెను.

అప్పటికింకను బోరో బాలుడు, తల్లి నేర్పిన మాటలను బడిగుమ్మమువద్దనే విడిచి, లోనికి పోవలసియుండెను. సభవారి కృషిచే 1963లో ప్రాథమిక పాఠశాలలందు బోరో బోధనాభాష అయ్యెను. ఆ భాషను ఏ లిపిలో వ్రాయవలెనను వివాదము పిమ్మట బయలుదేరెను. రోమను లిపిని కోరుచు 1974–75లో జరిగిన ఉద్యమమున పలువురు ప్రాణములు కోల్పోయిరి. తుదకు 1975లో దేవనాగరి లిపి అంగీకరింపబడెను. ప్రత్యేక రాష్ట్రమునకై సాగిన ఆందోళనలోను రక్తము ప్రవహించెను. 2003లో ఒప్పందము కుదిరి, బోడోలాండు ప్రాదేశిక మండలి ఏర్పడెను.

ఆ సంవత్సరమే రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునందు బోరో భాష చేర్చబడెను. 1950నుండియే తెలుగు ఉన్న ఆ పట్టికలో, 2011 జనాభా లెక్కల ప్రకారము సుమారు 14.8 లక్షలమంది మాతృభాషయైన బోరోకును సమానస్థానము లభించినది. భాష చిన్నదైనను, దానిని పలుకువారికి అది తల్లియే. ఆ తల్లిని మరువకుండుటచేతనే బోరోలు తమ జాతిని నిలుపుకొనిరి.